పదో షరతు

“దాన్ని తీయొద్దు. ఇంకా ఆరలేదు” అంది మమత.

గురువారం సాయంత్రం తర్వాత ఆమె మొగుడితో అన్న మొదటి మాట ఇది. అమరనాథ్ ఏడో నంబరు జెర్సీ మీది నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది ఆమె జెర్సీ. ఎండలో వేసి రెండు గంటలైంది, ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మిద్దె మీద తీగకు పన్నెండు జెర్సీలు వేలాడుతున్నాయి. మహిళల లీగ్‌లో మిగతా ఏడు బాస్కెట్‌బాల్ జట్లూ బట్టలు లాండ్రీకి వేస్తాయి. ఈ జట్టు బట్టలు మాత్రం సర్జాపురలోని ఈ ఇంట్లోనే ఉతకాలన్నది మామగారు బైరప్ప పెట్టిన పద్ధతి. మన కోసం ఆడే పిల్లల చెమట మన ఇంట్లోనే కడగాలనేవాడాయన. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. పద్ధతి పోలేదు. దాన్ని మార్చే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు.

“రెండు రోజులాయె నువ్వు నాతో మాట్లాడక. ఇట్ల ఎన్నాళ్లు?”

“ఈ పొద్దు అయిదు గంటల దాకా. ఆ తర్వాత మాట్లాడల్లంటే కోయంబత్తూరుకు ఫోన్ చెయ్యి.”

అయిదు గంటలన్నది లీగ్ పెట్టిన గడువు. ఆ లోపల రెండు జట్ల కాగితాలూ చేరితే కోయంబత్తూరు జట్టు నుంచి ఫర్హానా ఇక్కడికి వస్తుంది, ఇక్కడి నుంచి మమత అక్కడికి పోతుంది. ఈ మార్పిడి గురించి రాసిన ఉత్తరం ప్రింటరులో పడి ఉంటే గురువారం సాయంత్రం తీసి తెచ్చి అమరనాథ్ చేతిలో పెట్టింది మమతే. ఆమె కరెంటు బిల్లు కోసం వెళ్లింది పాపం. అప్పటి నుంచి ఆ ఇంట్లో కుక్కర్ కూతలు తప్ప మరో శబ్దం లేదు.

“సంతకం కాలేదు గదా. సుమ్నే, ఊరికే రాసి పెట్టినా, అంతే. అమ్మ సంతకం పెట్టల్ల ఇంకా” అన్నాడు అమరనాథ్.

“నా పేరు సుమ్నే రాసినావా?”

అతను పిట్టగోడ మీద కూర్చున్నాడు. రెండేళ్ల కిందట మహదేవపురలో మంచి ఉద్యోగం వదిలి తండ్రి జట్టుకు మేనేజరుగా వచ్చాడు. వచ్చినప్పుడు ఉన్న మనిషికీ ఇప్పటి మనిషికీ పదేళ్ల తేడా కనిపిస్తుంది. గడ్డం గీసుకోవడం కూడా మ్యాచ్ ఉన్న రోజే.

“చూడు మమతా. వరసగా ఏడు మ్యాచులు ఓడినాం. ఎనిమిదింట్లో ఏడో చోట ఉండాం. ఇంకా ఉండేది ఆరే మ్యాచులు. ఆఖరి రెండు టీములకు వచ్చే ఏడు లీగ్‌లో చోటు లేదు. ముప్పై ఏళ్ల క్లబ్బు. నాయన చేతిలో నిలబడి నా చేతిలో పోయిందనిపించుకోవల్లా?”

“పోగూడదు. అది నాకూ ఉండాది. తొమ్మిదేళ్లుగా ఆడతా ఉండా, నాకు లేకుండా ఉంటాదా? నేనడిగేది ఒకటే. పన్నెండు మందిలో నేనే ఎందుకు?”

“నీ కాంట్రాక్టు ఇంకా రెండేళ్లు ఉండాది. వాళ్లకు అట్లాంటోళ్లు కావల్ల.”

“పోయినేడు చేరిన కాత్యాయనిది కూడా రెండేళ్లు ఉండాది. ఇరవై రెండేళ్ల పిల్ల. నాకు ముప్పై రెండు. మోకాలికి పట్టీ లేకుండా ఈ మెట్లు కూడా ఎక్కను. బుద్ధుండేవాళ్లు దాన్ని అడుగుతారా, నన్ను అడుగుతారా?”

అమరనాథ్ తీగ మీది బట్టల క్లిప్పు ఒకటి తీసుకుని తెరుస్తూ మూస్తూ ఉండిపోయాడు. ఆ మౌనం మమతకు కొత్త కాదు. అతను అబద్ధమాడితే తెలిసిపోతుంది కాబట్టి అబద్ధమాడడు, ఊరుకుంటాడు. ఇన్నేళ్లలో అంత మాత్రం ఆమెకు అర్థమైంది. ఏదో ఉంది, చెప్పడం లేదు.

కింద స్కూటర్ ఆగిన చప్పుడైంది.

“ఆదినారాయణప్ప సార్ వచ్చినాడు. కిందికి రా. అందరి ముందరా మాట్లాడుకుందాం” అని అతను లేచాడు.

మమత పదకొండు జెర్సీలు బుట్టలో వేసుకుంది. ఏడో నంబరును తీగ మీదే వదిలేసి దిగింది.

* * *

హాల్లో అత్తగారు భాగీరథమ్మ నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని పితుకుతోంది. గింజను వేళ్ల మధ్య నొక్కితే పప్పు గిన్నెలోకి దూకుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. చలికాలం వస్తే ఆ ఇంట్లో వారానికి రెండుసార్లు పితికిన పప్పు పులుసు ఉండాల్సిందే. మొగుడు పోయాక క్లబ్బుకు అధ్యక్షురాలు ఆమే. పదవి వచ్చినా ఆమె కూర్చునే చోటు మారలేదు. కింద చాప మీదే.

కోచ్ ఆదినారాయణప్ప కుర్చీలో కూర్చున్నాడు. బైరప్ప డ్రిల్ మాస్టరుగా ఉన్న రోజుల్లో ఆయన దగ్గర ఆట నేర్చి, ఆయనతోనే క్లబ్బు పెట్టిన మనిషి. అరవై నాలుగేళ్లు. మెడలో విజిల్ ఇంటికొచ్చినా తియ్యడు.

“ఆ ఫర్హానా సంగతి నాకు మళ్లా ఒకసారి చెప్పప్పా. వీడు చెప్తే తల తిరుగుతాది” అంది భాగీరథమ్మ.

“ఏముంది వదినా. కడప పిల్ల. ఈ లీగ్‌లో ఆ పిల్లంత ఆట ఇంకొకరికి లేదు. మ్యాచుకు ఇరవై ఆరు పాయింట్లు ఒక్కతే వేస్తాది. ఆ పిల్ల చేతిలో బాల్ ఉంటే ఎదుటోళ్లు ముగ్గురు పోయి అడ్డం నిలబడల్ల. అప్పుడు మన పిల్లలకు దారి దొరుకుతాది. ఆరింట్లో నాలుగు గెలుస్తాం. నేను రాసిస్తా.”

“అంత మంచి పిల్లను వాళ్లెందుకు ఇస్తారు?”

“మార్చి ఆఖరుకు ఆ పిల్ల కాంట్రాక్టు ముగుస్తాది. ఆ పైన ఫ్రీ ఏజెంట్ అంటారు. తనకు నచ్చిన టీముకు పోవచ్చు, వాళ్లను అడిగే పని లేదు. ఊరికే పోగొట్టుకునే బదులు ఇప్పుడే ఎవరినైనా మార్పిడి చేసుకుంటే మనిషైనా మిగులుతాదని వాళ్ల ఆలోచన.”

“మన దగ్గరికొచ్చినా మార్చికి పోతాది గదా?”

“పోవచ్చు.”

“పోతే?”

“పోతే పోతాది వదినా. లీగ్‌లో మన చోటు మనకుంటాది.”

“మరి మమత?”

ఆదినారాయణప్ప విజిల్ దారాన్ని సర్దుకున్నాడు. అమరనాథ్ గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు. చివరికి అతనే అన్నాడు: “మమత రెండేళ్లు అక్కడుంటాది.”

“వాళ్లు ఆరు మ్యాచులకు మనిషినిస్తే మనం రెండేళ్లకు మనిషినిస్తామా?” అని భాగీరథమ్మ మళ్లీ గింజల మీదికి వంగింది.

మమత వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. ఆమె చోటూ మారలేదు. కోర్టులో ఆమె కెప్టెన్. ఎవరెక్కడ నిలబడాలో చెప్పేది ఆమె. ఇంట్లో మాత్రం ముఖ్యమైన మాటలన్నీ ఆ గడప దగ్గర నిలబడే వింటుంది.

“మామా” అంది. కోర్టులో సార్, ఇంట్లో మామ. “నిజం చెప్పండి. నా ఆట పోయిందా?”

ఆదినారాయణప్ప ఆమె వైపు చూశాడు. హిందూపురం నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ల పిల్లకు బంతిని చూడకుండా పాస్ ఇవ్వడం నేర్పింది ఆయనే.

“కాలు అర అడుగు వెనకబడింది తల్లీ. చూపు పోలేదు. అందరికంటే ముందు నువ్వే చూస్తావు, నువ్వు పోయేసరికి ఇంకొకరు వచ్చుంటారు. నీకూ తెలుసు.”

తెలుసు. రోజూ తెలుస్తూనే ఉంది. అయినా ఇంకొకరి నోట వినడం వేరు. మమత ద్వారబంధానికి చెయ్యి ఆనించుకుంది.

“మరి అట్లాంటి దాన్ని వాళ్లు అడిగినారా? మొదట ఎవరిని అడిగినారు?”

ముసలాయన అమరనాథ్ వైపు చూశాడు. అమరనాథ్ చూపు దించుకున్నాడు.

“కాత్యాయనిని అడిగినారు” అన్నాడు ఆదినారాయణప్ప.

“కాత్యాయని ఏమనింది?”

“పోనని చెప్పింది” అన్నాడు అమరనాథ్. “ఇంకా ఇద్దరిని అడిగినారు. వాళ్లూ కుదరదనిరి. కాంట్రాక్టులో పదో షరతు ఉండాది గదా. ఆడే మనిషి ఒప్పుకోకపోతే ఇంకో టీముకు పంపేదానికి లేదు.”

“అయితే నేనూ పోనని చెప్తా. అయిపోయె గదా. ఇంతసేపూ ఎందుకు ఈ బేజారు?”

భాగీరథమ్మ పితకడం ఆపింది.

అమరనాథ్ లేచి అలమరలోంచి పచ్చ ఫైలు తెచ్చాడు. దాంట్లోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి కాత్యాయనిది, ఒకటి మమతది. మమత గడప దాటి వచ్చి వంగి చూసింది. రెండింట్లోనూ పది షరతులు టైపు చేసి ఉన్నాయి. ఆమె కాగితంలో పదోదాని మీద నీలం సిరాతో అడ్డంగా గీత. గీత పక్కన మామగారి గుండ్రటి చేతిరాత: “ఇంటి మనిషి. ఇది అక్కర్లేదు.” దాని కింద ఆయన పొట్టి సంతకం. దాని పక్కన తన పొట్టి సంతకం.

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. లీగ్ మొదలైన ఏడాది, ఇదే హాల్లో, పన్నెండు మందికీ కాగితాలు. అందరి సంతకాలూ అయ్యాక మామగారు వంటింట్లోకి కేకేసి పిలిచారు. చేతులు తుడుచుకుని వచ్చింది. మిగతా అందరికీ మూడేళ్లు, తనకు అయిదేళ్లు. “నీకెందుకమ్మా ఈ షరతు? నిన్ను మేము యాడికి పంపుతాం?” అని ఆయన గీత గీశారు. చదవకుండా సంతకం పెట్టింది. ఆ రోజు ఎంత సంతోషపడిందంటే, రాత్రి అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

ఆయన మనసులో చెడు లేదు. అందుకే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మమతకు తోచలేదు. బయటి పిల్లలందరికీ అడ్డం పెట్టిన తలుపు తనొక్కదానికి తీసి పెట్టారు, ప్రేమతో.

“వాళ్లకెట్ల తెలిసింది?” అంది. “నాకే గుర్తులేదు. కోయంబత్తూరు వాళ్లకు ఎట్ల తెలిసింది, నా కాగితంలో ఆ లైను లేదని?”

అమరనాథ్ నిలబడే ఉన్నాడు.

“నేనే చెప్పినా” అన్నాడు. “వాళ్ల మేనేజరు జ్ఞానప్రకాశం ఫోన్ పెట్టేస్తా అన్నాడు. ముగ్గురూ కాదనిరి, ఇంక మాటలెందుకన్నాడు. అప్పుడు చెప్పినా. అడగాల్సిన పని లేని మనిషి మా దగ్గర ఒకరుండారు అని.”

* * *

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అయ్యాయంటే విస్తళ్లు తీశారని అర్థం. పితికిన పప్పు పులుసు గిన్నెడూ అట్లాగే ఉంది.

మూడు గంటలకు మమత పెరటి వైపు వెళ్లి ఉతికే బండ మీద కూర్చుంది. ఫోనులో ఫర్హానా పేరు వెతికింది. నాలుగేళ్ల కిందట ఒక శిక్షణ శిబిరంలో నలభై రోజులు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. అప్పుడు ఫర్హానా ఊరూ పేరూ లేని కొత్త పిల్ల. ఇప్పుడు ఆమె కోసం రెండు రాష్ట్రాల వాళ్లు గడియారం చూసుకుంటున్నారు.

“అక్కా” అంది అవతలి గొంతు. “నేనే చేద్దామనుకుంటి. చెప్పినారా మీ వాళ్లు? నేను మీ దగ్గరికి వస్తాండా.”

“విన్నా. సంతోషంగా ఉండావా?”

“ఏం సంతోషమో అక్కా. మూడేండ్లుగా ఒక్కదాన్నే గుంజుకొస్తాండా. భుజం పైకెత్తితే నొప్పి, దించితే నొప్పి. రోజుకొకరు ఫోన్ చేసి మార్చి తర్వాత ఏ టీమూ అని అడుగుతారు. తిన్నావా అని అడిగేవాళ్లు లేరు. సర్జాపుర అనంగానే నువ్వుండావని సరే అంటి. నువ్వు పాస్ ఇస్తాంటే ఆడి ఎన్నాళ్లైందో. మార్చి తర్వాత కూడా ఆడనే ఉందామనుకుంటి. ఇంకో రెండేండ్లు.”

మమత బండ మీది నుంచి లేచింది.

“నీ బదులు ఇక్కడి నుంచి ఎవరు పోతారని చెప్పినారా నీకు?”

“లేదక్కా. ఎవరో ఒకరు. కాత్యాయని అని మొదట అన్నారు.”

“నేను.”

అవతల ఎక్కడో బంతి నేలకు కొడుతున్న చప్పుడు వినిపించింది.

“నువ్వా? మీ ఆయనే గదా మేనేజరు?”

“ఆయనే.”

“ఏందక్కా ఇది?”

మమతకు ఏడుపు రాలేదు. అలసటగా ఉంది, అంతే. ఏడు మ్యాచులు ఓడిన అలసట, రెండు రోజులు మాట్లాడని అలసట, ఇంత పెద్దింట్లో ఇంతమంది మధ్య ఒక్క లైను కోసం వెతుక్కున్న అలసట.

“నేను వద్దని రాసి పంపితే ఈ ట్రేడ్ జరగదు” అంది ఫర్హానా. “నా కాంట్రాక్టులో ఉండాది ఆ షరతు. చెప్పు. వద్దనమంటావా?”

ఒక్క మాట చాలు. మమత నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట అంటే ఫర్హానా భవిష్యత్తు మీద తాను సంతకం పెట్టినట్టు. పొద్దుట్నుంచి తన మీద జరిగింది అదే గదా.

“నా కోసం ఏమీ చెయ్యొద్దు” అంది. “నీ కాగితంలో ఆ లైను ఉండాది. అది నీది. నువ్వే చూసుకో.”

* * *

నాలుగుంపావుకు మళ్లీ అందరూ హాల్లో చేరారు. ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. ప్రింటరు వెలుగుతోంది.

“ఫర్హానాతో మాట్లాడినా” అంది మమత. “నేను లేకపోతే ఆ పిల్ల మార్చి తర్వాత ఇక్కడ ఉండదు. నేను ఉంటే ఇంకో రెండేళ్లు ఉందామనుకునింది. ఈ సంగతి తెలుసుకుని సంతకాలు పెట్టండి.”

“నువ్వు అట్లనే చెప్తావు గదా” అన్నాడు అమరనాథ్.

గట్టిగా అనలేదు. వెటకారంగా కూడా అనలేదు. మూడు రాత్రులు నిద్రలేని మనిషి నోట్లోంచి జారిన మాట. అన్న వెంటనే అతని మొహం మాడిపోయింది. అయినా మాట బయటికొచ్చేసింది. ఆదినారాయణప్ప నేల చూపులు చూశాడు. మమత ఇంకేమీ చెప్పలేదు. తన కోసం తాను సాక్ష్యం చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు?

భాగీరథమ్మ చేతులు కడుక్కుని వచ్చి మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

“ఆ పచ్చ ఫైలు ఇట్లియ్యి అమరా. మమత కాగితం తియ్యి. మీ నాయన కొట్టేసింది మళ్లా రాస్తే చెల్లుతాదా?”

“నువ్వూ మమతా ఇద్దరూ సంతకం పెడితే చెల్లుతాదమ్మా. కానీ ఇప్పుడెందుకు? అది మళ్లా రాస్తే ఈమె పోనంటాది. ఇంకా నలభై నిమిషాలే ఉండాది.”

“అంటే అననీ.”

“అమ్మా, క్లబ్బు పోతాది.”

“మీ నాయన ఈ పిల్లను ఇంటి మనిషి అని గీత గీసినాడు. ఆయన గీసింది ఈ పిల్లను అడగకుండా పంపేదానికి కాదు. అదే గీత పట్టుకుని నువ్వు పంపుతా ఉండావు. నేను దాని కింద సంతకం పెట్టను. పెన్ను ఇయ్యి.”

ఆమెకు కన్నడం రాయడం వేగం, తెలుగు నిదానం. నిదానంగానే రాసింది. మమత ఒప్పుకోకపోతే మమతను ఇంకో టీముకు పంపేదానికి లేదు. కింద తన పేరు రాసి, తారీఖు వేసి, కాగితాన్ని కోడలి వైపు తిప్పింది. మమత నిలబడే సంతకం పెట్టింది. ఈసారి చదివి పెట్టింది.

“ఇప్పుడు అడుగు” అంది భాగీరథమ్మ కొడుకుతో.

అమరనాథ్ చేతిలో కాత్యాయని సంతకం పెట్టని ఒప్పుదల ఫారం ఉంది. పేరు కొట్టేసి పక్కన మమత అని రాశాడు. దాన్ని ఆమె ముందు పెట్టాడు.

“మమతా, కోయంబత్తూరుకు పోయేదానికి నీకు ఒప్పుదలేనా?”

ఆమె ఫారం వైపు చూడలేదు.

“నేనొకటి అడుగుతా, చెప్పు. మేనేజరుగా వద్దు. నా మొగుడిగా చెప్పు. నన్ను పొమ్మంటావా, ఉండమంటావా?”

అత్తగారి ముందు ఆమె అతన్ని నువ్వని ఎన్నడూ అనలేదు. ఈ పొద్దు అనేసింది, ఎవరూ తప్పుపట్టలేదు.

అమరనాథ్ నోరు తెరిచాడు. గోడ మీద తండ్రి ఫోటో, దాని కింద వరసగా పాత కప్పులు. అతని కళ్లు ఆమె మీదికి వచ్చి, అక్కడికి పోయి, మళ్లీ వచ్చాయి.

“టీము నిలబడల్లంటే…” అని మొదలుపెట్టి ఆపేశాడు.

మమత కాసేపు ఆగింది. మిగతా సగం వస్తుందేమోనని నిజంగానే ఆగింది. రాలేదు. పెన్ను తీసుకుని ఫారం మీద సంతకం పెట్టింది.

“మమతా” అంది భాగీరథమ్మ.

“అడిగినారు గదత్తా. అడిగితే పోతా.”

ఆదినారాయణప్ప మెడలోంచి విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. అమరనాథ్ ఫారం మీద చెయ్యి పెట్టి, దాన్ని స్కాన్ చెయ్యడానికి లేవబోతుండగా అతని ఫోన్ మోగింది. ఫర్హానా. స్పీకరు నొక్కాడు.

“సార్, నేను రానని లీగ్‌కు రాసి పంపినా. మీకూ ఒక మాట చెప్దామని చేసినా. మమతక్క ఉందని వస్తాంటి. అక్క లేని టీముకు నేనెందుకు సార్? మార్చికి ఎట్లయినా పోతా. ఆరు మ్యాచులకు ఒక ఇల్లు చెడిపోవడం నాకు వద్దు.”

ఫోన్ పెట్టేసింది. గడియారం నాలుగూ నలభై రెండు చూపిస్తోంది.

మమత చెప్పింది నిజమేనని ఇప్పుడు అందరికీ తెలిసింది, ఇప్పుడు తెలిసి ఎవరికీ ఉపయోగం లేదు. అమరనాథ్ కుర్చీలో కూలబడ్డాడు. చెయ్యి చాచి, ఫారం అందుకుని రెండుగా చింపబోయాడు.

“చింపొద్దు” అంది మమత.

“ఇంకెందుకిది? ట్రేడ్ అయిపోయె గదా.”

“ట్రేడ్ అయిపోయె. నువ్వు అడిగింది, నేను ఒప్పుకునింది అయిపోలేదు.”

ఆమె ఫారాన్ని తన వైపు లాక్కుని దాని మీద అరచెయ్యి ఆనించింది. అప్పుడే బల్ల మీద ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి జ్ఞానప్రకాశం. ఫర్హానాను మార్చి తర్వాత కూడా ఆపుకోవాలంటే ఆయనకు ఇక మమతే కావాలని, గడువుకు ఇంకా పదిహేడు నిమిషాలుండగా అందుకే చేస్తున్నాడని ఆ గదిలో అందరికీ అర్థమైంది. అమరనాథ్ చెయ్యి ఫోన్ వైపు వెళ్లింది.

మమత చెయ్యి ముందు చేరింది. అర అడుగు కూడా వెనకబడలేదు.

“చెప్పండి సార్” అంది. “నేను మమతను. నా సంగతి నాతోనే మాట్లాడండి.”